సాయంత్రం కాపలా

12 ఫిబ్రవరి 2007, సోమవారం

ఆస్పత్రిలో కౌన్సెలింగ్ చేసే అమ్మాయి ఈరోజు నాకు కూడా పని అప్పజెప్పింది. కాలేయం సంగతి డాక్టరు చెప్పిన దగ్గర్నుంచి మా ఆయన మందు ముట్టలేదు. ఆమె ఆయన్ని మెచ్చుకుని బయట కూర్చోమంది. తర్వాత నావైపు తిరిగి, "సార్ తాగుడు మానేశారు. మరి మీరేం మానేస్తారు?" అంది.

"నేను తాగను కదా" అన్నాను.

నవ్వింది. మా అమ్మాయి కవిప్రియ వయసే ఉంటుంది.

"సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాక మీరేం చేస్తారమ్మా?"

ఏం చేస్తాను? బియ్యం డ్రమ్ములో మోచేతి దాకా చెయ్యి పెట్టి చూస్తాను. బాత్రూంలో ఫ్లష్ ట్యాంకు మూత ఎత్తి చూస్తాను. స్కూటర్ డిక్కీ, కొబ్బరికాయల గోనెసంచి, పరుపు కింద, పరుపు లోపల. ఒకసారి కవిప్రియ స్కూలు యూనిఫారంలో చుట్టిన సీసా దొరికింది. ఆ తర్వాత ఆ పిల్ల బీరువా కూడా వదల్లేదు.

ఇవేవీ చెప్పలేదు. "టీవీ చూస్తాను" అన్నాను.

"వెతకడం మానేయండి" అంది. ఆయనే చెప్పి ఉంటారు. "ఆ వేళలో మీకోసం ఏదైనా చేసుకోండి. ఏమీ తోచకపోతే రాసుకోండి. ఎవరికీ చూపించొద్దు."

అందుకని రాస్తున్నాను. తమిళంలో రాస్తే ఆయన చదువుతారు. మా ఇళ్ళలో తెలుగు మాట్లాడతారే గాని అక్షరం ఎవరికీ రాదు. యానాం ఆఫీసులో పనిచేసినప్పుడు నేర్చుకున్నది ఇన్నాళ్ళకు అక్కరకొచ్చింది.

తాగింది ఒకరు. పాఠం నాకు.

14 ఫిబ్రవరి

ఈరోజు వెతకలేదు.

15 ఫిబ్రవరి

వెతకలేదు.

17 ఫిబ్రవరి, శనివారం

షర్టు నానబెడుతూ వాసన చూశాను. అది వెతకడం కిందికి రాదు. ఉతికే బట్ట వాసన ఎవరైనా చూస్తారు.

4 మార్చి, ఆదివారం

సాయంత్రం అయ్యేసరికి ఇంట్లో ఇద్దరం. దీనికోసమే కదా ఇన్నాళ్ళూ దేవుళ్ళకు మొక్కింది. తీరా వచ్చాక ఏం చెయ్యాలో ఇద్దరికీ తెలియడం లేదు. ఆయన టీ అడిగారు. తాగారు. మళ్ళీ అడిగారు. గడియారం చూశారు. కుర్చీ ఫ్యాను కిందికి జరిపారు, కిటికీ దగ్గరికి జరిపారు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒళ్ళో పెట్టుకున్నారు.

నా సీరియల్ మొదలైంది. "ఈమె ఎవురు? ఎందుకు ఏడస్తా ఉండాది?" అని అడిగారు. ఏళ్ళ తరబడి ఏడుస్తోందని చెప్పాను.

కాసేపటికి, "తిలకా, యానాంలో ఉన్నప్పుడు సాయంత్రాలు ఏం చేస్తా ఉంటివి?" అన్నారు.

"గోదావరి గట్టు మీద నడిచేదాన్ని."

"ఒంటిగానా?"

"లేదు, ఆఫీసులో అన్నమ్మాళ్ అని ఉండేది. ఆమె, నేను."

"ఏం మాట్లాడుకుంటా ఉంటిరి? చెప్పు."

ఆయన నన్ను ఒక సంగతి అడిగి జవాబు కోసం ఆగడం నాకు అలవాటు లేదు. చెప్పబోయాను. అంతలో మధ్యాహ్నం ఆయన స్కూటర్ తుడుస్తూ డిక్కీ గట్టిగా మూసిన చప్పుడు గుర్తొచ్చింది. అంత గట్టిగా ఎందుకు మూశారు? "ఇదిగో వస్తాను" అని లేచి బయటికి వెళ్ళాను. డిక్కీలో తుడిచే గుడ్డ, ఒక స్పానరు ఉన్నాయి.

తిరిగొచ్చేసరికి టీవీ సౌండు పెంచుకుని కూర్చున్నారు. యానాం గురించి మళ్ళీ అడగలేదు.

9 ఏప్రిల్, సోమవారం

డాక్టరు నడవమన్నాడని బీచి రోడ్డుకు వెళ్ళడం మొదలుపెట్టారు. కాన్వాసు బూట్లు కొనుక్కున్నారు. గుమ్మంలో నిలబడి, "నువ్వూ రా తిలకా. గాలి బాగుంటాది" అన్నారు.

"పొయ్యి మీద కూర ఉంది."

"ఆపేయి. వచ్చేటప్పుడు ఇడ్లీ కట్టించుకొని వస్తాం."

రానన్నాను. ఆయన ఇంట్లో లేని వేళ అదొక్కటే. ఆయన ఎదురుగా అటక ఎక్కలేను కదా.

అటక మీద ఏమీ లేదు.

22 ఏప్రిల్

ఇప్పుడు రమ్మని అడగడం లేదు. మంచిదే. రోజూ కారణం చెప్పే శ్రమ తప్పింది.

6 మే, ఆదివారం

కవిప్రియ చెన్నై నుంచి రెండు రోజులకు వచ్చింది. తండ్రిని చూసి, "అప్పా, ముఖం తేటగా ఉండాదే!" అని మురిసిపోయింది. ఆయన దోసెలు తానే పోసి పెట్టారు. తండ్రీ కూతుళ్ళు నవ్వుకుంటూ తిన్నారు. అది చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఆయన వచ్చే వేళకు నేను దాన్ని పక్కింట్లో వదిలేదాన్ని, ఆ తాగిన నవ్వు దగ్గర అది లేకుండా చూడాలని. ఆ నవ్వే ఇది. ఇప్పుడు తాగకుండా నవ్వుతున్నారు. నేను వంటింట్లో నిలబడి పోల్చి చూస్తున్నాను.

ఆయన నడకకు వెళ్ళాక ఆయన తలగడ గలీబు విప్పుతుంటే అది తలుపు దగ్గర నిలబడి చూసింది.

"ఏందిమా ఇది? ఇంకానా?"

"ఉతకడానికి."

"నిన్ననే మార్చినావు. నేను చూసినా." తలగడ లాక్కుని మంచం మీద పడేసింది. "ఆయన మానేసినాడుమా. అది నీకు ఇష్టం లేదా?"

ఎంత మాట! ఫీజు కట్టే రోజున కూడా తాగొచ్చిన మనిషిని భరించి దీన్ని చదివించింది నేను. ఆయన దోసెలు పోస్తే చాలు, ఆయన మంచివాడు. నేను పోలీసును.

ఏడవలేదు. గలీబు ఉతికి ఆరేశాను.

8 జూన్, శుక్రవారం

నడకకు వెళ్ళిన మనిషి ఏడు దాటినా రాలేదు. వచ్చాక చూస్తే ప్యాంటు మోకాళ్ళ దాకా ఎర్రమట్టి. బీచి రోడ్డు మీద ఎర్రమట్టి ఎక్కడిది? చేతులు కడుక్కోకముందే మంచినీళ్ళు ఇచ్చే సాకుతో దగ్గరికి వెళ్ళాను. నోట్లో లవంగం. వెనకటి రోజుల్లో వాసన చంపడానికి నమిలే లవంగం.

"యాడికి పోయినారు?"

"బీచికే."

"మట్టి?"

"ఒక పక్క రోడ్డు తవ్వినారులే."

అబద్ధం. ఆ గొంతు నాకు తెలుసు. ఎన్ని ఏళ్ళు విన్నాను!

నిజం చెప్పాలంటే ఆ అబద్ధం విన్నాక నాకు ప్రాణం కుదుటపడింది. ఇన్ని నెలలుగా ఏదో తెలియని ఇంట్లో ఉన్నట్టుంది. ఇప్పుడు దారి తెలిసింది.

20 జూన్, బుధవారం

పక్కింటి సెంగమలం కొళాయి దగ్గర ఆపింది. "అక్కా, ఒక మాట చెప్తా, తప్పుగా తీసుకోవద్దు. మీ ఇంటాయన్ని మైదానంలో చూసినా. ఆ ఫ్రెంచి పింఛను ముసలోళ్ళు ఇనుప గుండ్లు విసిరి ఆడతారే, బూల్ ఆట, ఆడ. చీకటి పడితే వాళ్ళు సీసాలు తీస్తారు గదా?"

ఊరందరికీ తెలిసిన సంగతే. ఫ్రెంచి సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్ళకు ఆ ఆటా కావాలి, ఆట తర్వాత గ్లాసూ కావాలి.

"తెలుసు, నాకు చెప్పే పోతారు" అన్నాను సెంగమలంతో.

ఆయన్ని అడగలేదు. అడిగితే జాగ్రత్త పడతారు.

14 జూలై, శనివారం

ఫ్రెంచివాళ్ళ పండగ. ఆఫీసులో సగం మంది జెండాలు, బ్యాండు చూడ్డానికి పోయారు. ఆయన పొద్దున్నే తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకున్నారు. సాయంత్రం నడకకు తెల్లచొక్కా ఎందుకు? నాలుగింటికి బయల్దేరారు. నేను మలుపు దాకా నడిచి ఆటో ఎక్కాను.

మైదానంలో జనం చాలామంది ఉన్నారు. కుర్చీలు వేశారు, రంగు కాగితాలు కట్టారు, ఒక మైకు. గీత గీసిన మట్టిలో దూరంగా చిన్న చెక్క ఉండ, దాని చుట్టూ ఇనుప గుండ్లు. ఎవరి గుండు ఆ ఉండకు దగ్గరగా పడితే వాళ్ళది గెలుపట. ఆయన గీత దగ్గర నిలబడి ఉన్నారు. చేతిలో గుండు. మోకాళ్ళు కొంచెం వంచి, ఒక కన్ను మూసి. నేనెప్పుడూ చూడని ముఖం. అక్కడున్న వాళ్ళంతా ఊపిరి బిగబట్టి ఆయన్నే చూస్తున్నారు. నా మొగుణ్ణి అంతమంది అంత మర్యాదగా చూడటం నేనెరగను.

ఆ ముఖం చూడగానే నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంత సంతోషం ఊరికే వస్తుందా? తాగకుండా వస్తుందా?

గీత దాటి మట్టిలోకి నడిచాను. ఎవరో "అమ్మా, అమ్మా" అన్నారు. ఆయన ఎదురుగా నిలబడ్డాను.

"నోరు తెరవండి" అన్నాను.

ఆయన నన్ను చూశారు. ఎందుకొచ్చావని అడగలేదు. నోరు తెరిచారు. డాక్టరు ముందు తెరిచినట్టు, పూర్తిగా. నేను ముందుకు వంగి వాసన చూశాను. అంతమంది ముందు. లవంగం. లవంగం తప్ప ఏమీ లేదు.

"చూసుకుంటివా? ఇంకా చూడాల్నా?" అని మెల్లగా అడిగారు.

వరదరాజన్ అనే ముసలాయన, ఆయన జట్టులోవాడు, కర్ర ఆనించుకుంటూ వచ్చాడు. "చెల్లెమ్మా, ఈయన సోడా తప్ప ముట్టడమ్మా. ఈయన ఉండేంతసేపూ మేము కూడా ముట్టం. పోయినాకే మా సీసా బయటికి తీస్తాం. ఇంట్లో చెప్పమని నేనే అంటిని. చెప్తే ఆడికి పోవద్దంటాది అన్నాడు."

పక్కకు జరిగాను. మైకులో ఎవరో ఆట కానివ్వమన్నారు. ఆయన మళ్ళీ గీత దగ్గర నిలబడి విసిరారు. గుండు చెక్క ఉండను దాటి, రంగు కాగితాలు దాటి, కుర్చీల కిందికి దొర్లిపోయింది. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

ఇంటికి ఇద్దరం ఒకే ఆటోలో వచ్చాం.

15 జూలై

నాకు అబద్ధం చెప్పారా లేదా? చెప్పారు. బీచికి అని చెప్పి మైదానానికి పోయారా లేదా? అది ఎవరూ అడగరు.

23 జూలై, సోమవారం

మైదానానికి పోవడం లేదు. బీచికీ పోవడం లేదు. ఆఫీసు నుంచి రాగానే కుర్చీలో కూర్చుంటున్నారు. వరదరాజన్ ఒకసారి వచ్చి వీధిలోంచి పిలిచాడు. "ఒంట్లో బాగలేదు అన్నా" అని కిటికీలోంచే పంపేశారు.

కళ్ళెదురుగా ఉన్నారు. నేను కోరుకున్నది ఇదే. వెతికే పని కూడా లేదు.

సీరియల్‌లో ఆమె ఇంకా ఏడుస్తోంది. ఎందుకో ఆయన అడగడం లేదు.

10 ఆగస్టు, శుక్రవారం

అన్నం తింటూ చెప్పారు. "కారైకాల్‌కు ట్రాన్స్‌ఫర్ అడిగినా. వచ్చింది."

ఆయన పనిచేసే కరెంటాఫీసులో కారైకాల్ అంటే అందరూ తప్పించుకుంటారు. అడిగి వెళ్ళేవాళ్ళు ఉండరు.

"ఎందుకు?"

"ఊరికే."

"ఆడ మిమ్మల్ని ఎవురు చూసుకుంటారు?"

ఆయన మజ్జిగ కలుపుకున్నారు. తిన్నారు. చెయ్యి కడుక్కుని వచ్చి, తుడుచుకుంటూ అన్నారు: "ఎవురూ చూడకుండా ఉండాలనే పోతా ఉండా తిలకా. తాగాలని కాదు. నేను తాగలేదని నాకే నమ్మకం పోతా ఉండాది. నువ్వు దగ్గరికి వచ్చేటప్పుడంతా, తాగినానేమో అని నా గుండె కొట్టుకుంటాది. ఇట్ట ఇంకొన్ని నెలలు ఉంటే నిజంగానే తాగుతాను."

నన్ను అంటున్నారు. నా వల్లే తాగుతారట. మందుకొట్టు మూసుకుపోయి ఇల్లే మందుకొట్టయిందన్నమాట.

పొమ్మన్నాను. మంచిది, పొండి అన్నాను.

2 సెప్టెంబరు, ఆదివారం

బస్సెక్కించి వచ్చాను. ఒక ట్రంకు, ఒక సంచి. సంచి నేనే సర్దాను, కాబట్టి అందులో ఏమీ లేదని తెలుసు. ట్రంకు ఆయన సర్దుకున్నారు.

9 సెప్టెంబరు

ఇల్లంతా నాది. కౌన్సెలింగ్ అమ్మాయి చెప్పినట్టు నాకోసం ఏదైనా చేసుకోవచ్చు. మిషన్ మీద జాకెట్లు కుట్టుకుందామని గుడ్డ తెచ్చాను. అది కవరులోనే ఉంది.

16 సెప్టెంబరు, ఆదివారం

దొరికింది!

బొమ్మల కొలువు పెట్టెలో. దేవుడి బొమ్మలని ఎప్పుడూ చెయ్యి పెట్టని చోటు. కాగితం చుట్టిన సీసా, మూత కూడా తీయలేదు. నేను పిచ్చిదాన్ని కాదు. అంతమంది ముందు నన్ను నిలబెట్టి నోరు తెరిచి చూపించిన మనిషి ఇక్కడ దాచుకున్నాడు.

వెంటనే కవిప్రియకు ఫోన్ చేశాను. "దొరికిందే, మీ అప్ప సీసా దొరికింది!" అన్నాను.

"దేంట్లో చుట్టుండాది మా?"

"తమిళ పేపర్లో."

"ఏ తేదీ?"

చూశాను. పోయిన దీపావళి పేపరు. ఆస్పత్రికి ముందుది.

"మా," అంది కవిప్రియ, "నీ గొంతు ఇంత సంతోషంగా విని ఎన్నాళ్ళయిందో తెలుసా?" ఫోన్ పెట్టేసింది.

సీసాను సింకులో ఒంపేశాను. ఆ వాసన ఇల్లంతా పట్టింది. కిటికీలు తెరవలేదు.

6 అక్టోబరు, శనివారం

కారైకాల్ వెళ్ళొచ్చాను. చెప్పకుండా వెళ్ళాను. చెప్పి వెళితే ఏం తెలుస్తుంది?

మేడ మీద ఒక గది. తలుపు తీసి నన్ను చూసి, "రా, రా" అన్నారు. నల్లబడ్డారు, కానీ ఒళ్ళు గట్టిపడింది. మూలన ఇనుప గుండ్లు. ఇక్కడ కూడా ఒక జట్టు కూడిందట, సాయంత్రాలు పిల్లలకు కూడా నేర్పిస్తున్నారట. చెబుతుంటే కళ్ళు మెరిశాయి. నేను వింటూనే ఉన్నాను. నిజంగా విన్నాను.

"ఉండు, కాఫీకి పాలు తెస్తా" అని కిందికి దిగారు.

వెతకాలని రాలేదు. దేవుడి మీద ఒట్టు. కూర్చున్న దాన్ని కూర్చున్నట్టే పరుపు అంచు ఎత్తాను. ఎత్తాక రెండో చెయ్యి కూడా పెట్టాను. తల తిప్పేసరికి ఆయన పాల ప్యాకెట్‌తో గుమ్మంలో ఉన్నారు.

కోప్పడతారనుకున్నాను. పాలు పొయ్యి పక్కన పెట్టారు. వచ్చి నా చేతిలోంచి పరుపు తీసుకుని మొత్తం ఎత్తి గోడకు ఆనించారు. ట్రంకు తెరిచారు. బట్టలు ఒక్కొక్కటే తీసి, దులిపి, కుర్చీ మీద వేశారు. ప్యాంటు జేబులు బయటికి తిప్పారు. పేపరు పరిచి బియ్యం డబ్బా దాని మీద గుమ్మరించారు. బాత్రూం తలుపు తెరిచి లైటు వేశారు. అన్నీ నెమ్మదిగా, ఏదో పూజ చేస్తున్నట్టు. "వద్దండీ" అన్నాను. "చాలండీ" అన్నాను. వినలేదు.

నా కళ్ళు గూటి మీది అట్టపెట్టె వైపు పోయాయి. నేను పంపలేదు, అవే పోయాయి. ఆయన నా కళ్ళను చూసి, స్టూలు వేసుకుని అదీ దించారు. పాత చెప్పులు.

"ఇంకా యాడన్నా మిగిలుండాదా, తిలకా?"

తల అడ్డంగా ఊపాను.

బియ్యం ఆయనే ఎత్తారు. నేను సాయం చేయబోతే, "నువ్వు కూర్చో, దూరం నుంచి వచ్చినావు" అన్నారు. బంధువులకు చెప్పినట్టు. కాఫీ కలిపి ఇచ్చారు. నాకు చక్కెర తక్కువని గుర్తుంది. తర్వాత బస్టాండు దాకా వచ్చి కిటికీ పక్క సీటు చూసి కూర్చోబెట్టి, నీళ్ళ సీసా అందించారు.

"దీపావళికి వస్తారా?"

"కవిప్రియను ఇక్కడికి రమ్మన్నా" అన్నారు.

నన్ను రమ్మన్నారా లేదా అని అడగలేదు. అంతలో బస్సు కదిలింది.

9 అక్టోబరు, మంగళవారం

ఆఫీసు నుంచి నేరుగా బీచి రోడ్డుకు వెళ్ళాను. ఇల్లు చేరితే మళ్ళీ పెట్టెలు తెరుస్తానని. సముద్రం పక్కన గోడ మీద కూర్చున్నాను. గాలి బాగుంది, ఆయన చెప్పినట్టే. సముద్రం చూద్దామనే అనుకున్నాను. కాని గోడ మీద అటు తిరిగి కూర్చోలేకపోయాను. రోడ్డు వైపే తిరిగి, దీపాలు వెలిగేదాకా, వచ్చే పోయే మగవాళ్ళ నడక చూస్తూ ఉండిపోయాను.

ఒక్కడూ తూలలేదు.